మన అర్జీ మన చేతితోనే

(బోధన్‌లో ఆన్‌లైన్ వర్డ్ ప్రాసెసింగ్ ప్రాథమిక తరగతుల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు నెలలుగా మీ పేర్లను నేను ఫోను తెర మీద చూస్తూ వచ్చాను. మీ ముఖాలను ఈ రోజే చూస్తున్నాను. ఎడపల్లి నుంచి, రెంజల్ నుంచి, వర్ని, కోటగిరి గ్రామాల నుంచి, ఇక్కడి శక్కర్‌నగర్ నుంచి, నిజామాబాద్ పట్టణం నుంచి మీరంతా ఈ చిన్న గ్రంథాలయానికి రావడం నాకెంతో సంతోషం కలిగిస్తున్నది. తరగతిలో ఒక్క మాటైనా పలకని పిల్లలు ఇక్కడికి రాగానే నన్ను చుట్టుముట్టి మాట్లాడారు. తెర మీద మౌనంగా ఉన్నవారిని మందమతులని ఎన్నడూ అనుకోరాదని నాకు మరొకసారి తెలిసివచ్చింది.

ఈ తరగతుల గురించి రెండు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. పొగడ్తలు వద్దు, ఏమి జరిగిందో చెబుతాను, ఎక్కడ పొరపాటు పడ్డానో కూడా చెబుతాను అని ముందే మనవి చేశాను. మరొక మొహల్లాలో ఎవరైనా ఈ పని ప్రారంభించదలిస్తే వారికి మా పొరపాట్లే ఎక్కువ ఉపయోగపడతాయి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పెరిగి, 2018లో పదవీ విరమణ చేసినవాడిని. 1979లో నిజామాబాద్‌లో ఒక మేడ మీది టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్ యంత్రం ముందు కూర్చున్నాను. ‘ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’ అని వేళ్లకు పాఠం చెప్పించారు. నిమిషానికి ముప్పై మాటలు కొడితే లోయర్, నలభై ఐదు కొడితే హయ్యర్. ఆ రెండు సర్టిఫికెట్లు ఉంటే ఉద్యోగానికి దారి దొరుకుతుందని మా అబ్బా నమ్మకం. ఆ నమ్మకం నా విషయంలో నిజమైంది. నాతోపాటు ఆ మేడ మెట్లెక్కిన ముస్లిం ఆడపిల్లను మాత్రం నేనొక్కరినీ చూడలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి ఇన్నేళ్లయినా నన్ను విడిచిపెట్టలేదు. భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి సహాయం కోరుతూ అర్జీ తెచ్చింది. కార్యాలయం బయట చెట్టు కింద కూర్చునే అర్జీల రాయసగాడు దాన్ని రాసిచ్చాడు. అందులో ఆమె భర్త పేరు ఒక రకంగా ఉంది; జతపరచిన మరణ ధ్రువపత్రంలో మరొక రకంగా ఉంది. నియమం ప్రకారం నేను నోటులో ‘పేరు సరిపోలలేదు’ అని రాశాను. అర్జీ వెనక్కి వెళ్లింది. ఆమె మళ్లీ రాయించుకుని వచ్చింది. ఈసారి భర్త పేరు సరిగా ఉంది గాని ఆమె పేరు మారింది. మూడోసారి ఆమె రాలేదు. నేను నియమం తప్పలేదు. కాని ఆ అర్జీలో ఏముందో తానే చదువుకుని, తానే సరిచేసుకోగలిగి ఉంటే ఆమెకు నాతో పనే ఉండేది కాదు. కార్యాలయంలో మనిషి గోడు వినిపించదు, కాగితం మీది అక్షరమే వినిపిస్తుంది. ఆ అక్షరం ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

నేడు ఆ చెట్టు కింది రాయసగాడు లేడు. అతని స్థానంలో నెట్ సెంటర్ వచ్చింది. యంత్రం మారింది, కాని మన స్థితి మారలేదు. మనం నోటితో చెబుతాం, మరొకరు కొడతారు, కొట్టినదాన్ని మనం చదవకుండానే సంతకం పెడతాం. స్కాలర్‌షిప్పు కావచ్చు, పింఛను కావచ్చు, ధ్రువపత్రం కావచ్చు, అన్నింటా ఇదే వరుస. మన చదువులలోను, ఉద్యోగాలలోను ఉన్న వెనుకబాటును సచార్ కమిటీ 2006లోనే దేశం ముందు ఉంచింది. ఆ తరువాత మనం హక్కుల గురించి ఎన్నో సభలు పెట్టుకున్నాం. పెట్టుకోవలసిందే. అయితే ప్రతి హక్కూ చివరకు ఒక దరఖాస్తుగా మారి ఒక బల్ల మీదికి చేరుతుంది. ఆ బల్ల వెనుక ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను.

ఈ తరగతుల ఆలోచన 2020లో పుట్టింది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పాఠశాల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. మా ఇంట్లో మనవరాలు టీవీ ముందు కూర్చుని పాఠాలు రాసుకుంటుంటే, దూరం నుంచి కూడా చదువు చెప్పవచ్చునన్నమాట అనుకున్నాను. కాని అనుకోవడానికీ చేయడానికీ మధ్య కొన్ని సంవత్సరాలు గడిచాయి. చివరకు ఈ గ్రంథాలయం యువకులు ‘మీరు చెప్పండి, మేము ఏర్పాటు చేస్తాం’ అన్నప్పుడు మొదలుపెట్టాను.

మొదటి తరగతి పూర్తిగా విఫలమైంది. ఇషా నమాజు తరువాత, ఇళ్లలో పనులు ముగిసి, అన్నదమ్ముల చేతిలోంచి ఫోను ఆడపిల్లల చేతికి వచ్చే వేళ చూసి రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టాం. నేను నా కంప్యూటర్ తెరను చూపిస్తూ గంటసేపు ఉపన్యసించాను. ఇది హోమ్, ఇది ఇన్సర్ట్, ఇది లేఅవుట్ అని పై వరుసలోని బొమ్మలన్నింటికీ పేర్లు చెప్పాను. చివర్లో ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అయింది సార్’ అన్నారు. మరునాడు ఒక విద్యార్థిని తల్లి ఫోను చేసి, ‘భాయీ, పిల్ల ఫోనులో ఆ అక్షరాలు చీమల్లా కనిపించాయట, అడగడానికి సిగ్గుపడింది’ అని చెప్పింది. పెద్ద తెర మీద చూస్తూ చెప్పేవాడికి, అరచేతి తెర మీద చూసేవారి కష్టం తెలియలేదు.

అప్పుడు పద్ధతి మార్చాం. ముంబయి ఐఐటీ వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ అనే ప్రాజెక్టు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో కంప్యూటర్ పాఠాలు ఉచితంగా అందిస్తున్నది. ఒక్కొక్క పాఠం సుమారు పది నిమిషాలే. ఒక పక్క పాఠం నడుస్తుండగా, మరో పక్క అదే పనిని విద్యార్థి చేస్తూ పోవాలన్నది వారి పద్ధతి. చూడడం, ఆపడం, చేయడం, మళ్లీ చూడడం. ఆ సూత్రాన్నే మేము తీసుకున్నాం. గంట ఉపన్యాసం పోయి, పగలు పది నిమిషాల వీడియో ఒకటి వాట్సాప్‌లో పంపడం మొదలైంది. ఒక్క వీడియోలో ఒక్క పనే. తెరలో కావలసిన మూలను మాత్రమే పెద్దదిగా చూపేవాళ్లం. రాత్రి తరగతిలో నేను చెప్పడం తగ్గించి, వారు చేసింది చూడడం పెంచాను. కెమెరా తెరవమని ఆడపిల్లలను ఒక్కరోజు కూడా అడగలేదు. పని కనిపిస్తే చాలు, ముఖం కనిపించనవసరం లేదు. ఈ ఒక్క నియమం వల్లనే కొందరు తండ్రులు తమ కుమార్తెలను తరగతిలో కొనసాగనిచ్చారు.

రెండో సమస్య యంత్రం. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు ముగ్గురే. మిగిలినవారికి ఫోనే దిక్కు. ఫోను తెర మీద బొటనవేళ్లతో కొట్టడం వేరు, పది వేళ్లతో కీబోర్డు మీద కొట్టడం వేరు. గ్రంథాలయం యువకులు ఒక ఉపాయం చెప్పారు. ఓటీజీ అనే చిన్న తీగ ఒకటి ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు మామూలు కీబోర్డును తగిలించవచ్చు. పాత కీబోర్డులు సేకరించి, తుడిచి, తీగలతో సహా ఇంటింటికీ వంతులవారీగా ఇచ్చాం. ఫోనులో గూగుల్ డాక్స్, గ్రంథాలయంలోని పాత కంప్యూటర్‌లో లిబ్రే ఆఫీస్. రెండూ ఉచితమే. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడనవసరం లేదని, మన పని న్యాయమైన పనిముట్టుతోనే జరగాలని పిల్లలకు మొదటి రోజే చెప్పాను.

ఇక ఏమి నేర్పామో చెబుతాను. పుస్తకాలలో మొదటి పాఠం అక్షరాల సైజు, రంగు, బోల్డ్. మేము మొదటి పాఠంగా పెట్టుకున్నది పేరు. ప్రతి విద్యార్థీ తన పదో తరగతి మెమో, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి దానిలో తన పేరు, తండ్రి పేరు ఎలా ఉన్నాయో ఉన్నది ఉన్నట్టుగా నాలుగు గడుల పట్టికలో కొట్టాలి. పట్టిక వేయడం ఆ విధంగా నేర్చుకున్నారు. ఆ పట్టికలు చూసి నేను నిశ్చేష్టుడనయ్యాను. మొహమ్మద్ అనే ఒక్క పేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట ‘ఎం డి’ అని, ఇంకొకచోట ‘ఎం ఓ హెచ్ డి’ అని ఉంది. ఒక తల్లి పేరు చివర ఒక కార్డులో ‘బేగం’, మరొక కార్డులో ‘బీ’. ‘నిసా’ ఒకచోట పేరుతో కలిసి, ఒకచోట విడిపోయి ఉంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. కనుక ఏ కార్డును ఏ కార్డుకు అనుగుణంగా మార్చుకోవాలో ముందుగా ఆలోచించుకోవాలి. ఆ ఆలోచనకు ఈ పట్టికే ఆధారం. ఈ ఒక్క పాఠం వల్ల కొన్ని ఇళ్లలో రాత్రి చాలాసేపు దీపాలు వెలిగాయి. ట్రంకు పెట్టెలు తెరిచి తల్లిదండ్రులు కూడా కూర్చున్నారు.

తరువాతి పాఠాలు ఇదే వరుసలో సాగాయి. ఫైలుకు పేరు పెట్టడం, తేదీ చేర్చి భద్రపరచడం, ఉత్తరంలో ‘విషయం’, ‘సూచిక’ ఎక్కడ రాయాలో తెలుసుకోవడం, జతపరచిన పత్రాల జాబితాకు వరుస సంఖ్యలు వేయడం, మార్జిన్ వదలడం, పీడీఎఫ్‌గా మార్చడం, ముద్రించే ముందు గట్టిగా చదవడం. ‘వెతికి మార్చు’ అనే పాఠం నాడు మాత్రం అందరం నవ్వుకున్నాం. ఒక విద్యార్థిని బీడీలు చుట్టే తన ఖాలా కోసం అర్జీ తయారుచేస్తూ, పేరులోని ‘బీ’ని అన్నిచోట్లా ‘బేగం’గా మార్చమని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చింది. యంత్రం విధేయురాలు. ‘బీడీ కార్మికురాలు’ అన్న మాట అర్జీ అంతటా ‘బేగండీ కార్మికురాలు’ అయింది! పూర్తి పదాలను మాత్రమే మార్చమని ఎలా చెప్పాలో, యంత్రం చేసిన ప్రతి మార్పునూ కంటితో ఎందుకు చూడాలో ఆ రోజు నేను వేరే చెప్పనవసరం లేకపోయింది.

భాష విషయం. మన ఇళ్లలో మాట ఉర్దూ, బడిలో తెలుగు, ఫారాలలో ఇంగ్లీషు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తింపు పొందింది. కాబట్టి మూడింటిలోనూ కొట్టడం నేర్పాం. పాత రోజుల్లో డీటీపీ కేంద్రాలలో ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను వంటివి వాడేవారు. అక్కడ చేసిన ఫైలు మరో యంత్రంలో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించేవి. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తీరింది. ఫోనులో కొట్టిన తెలుగు కంప్యూటర్‌లోనూ తెలుగుగానే ఉంటుంది. ఉర్దూ పేరాను కుడి నుంచి ఎడమకు తిప్పే మీట ఒకటి నొక్కితే వరుస సరిగా నిలుస్తుంది. పిల్లలు ఉర్దూలో తమ దాదీకి రెండు వాక్యాలు కొట్టి, నస్తలీఖ్ లిపిలో ముద్రించి ఇచ్చారు. దాదీలు ఆ కాగితాలను దాచుకున్నారని విన్నాను.

ఇప్పుడు నా పెద్ద పొరపాటు చెప్పాలి. విద్యార్థులు పంపిన ఫైళ్లను నేను రాత్రిపూట కూర్చుని సరిదిద్ది పంపేవాడిని. తేదీ లేకపోతే చేర్చేవాడిని, వాక్యం వంకరగా ఉంటే సరిచేసేవాడిని. గుమాస్తా అలవాటు అది. నెలన్నర గడిచాక చూస్తే ప్రతివారూ అవే తప్పులు మళ్లీ చేస్తున్నారు. ఒకరోజు తరగతిలో కొంచెం కోపంగా అడిగాను. ఎడపల్లి నుంచి చేరిన ఒక అమ్మాయి మెల్లగా అన్నది: ‘సార్, మీరు కూడా మా నెట్ సెంటర్ లాంటివారే. డబ్బులు మాత్రం తీసుకోరు.’

ఆ మాటకు తరగతి అంతా నిశ్శబ్దమైంది. నేను కూడా కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఏ చెట్టు కింది రాయసగాడి అవసరం లేకుండా చేయాలని ఈ పని మొదలుపెట్టానో, నేనే ఆ రాయసగాడినై కూర్చున్నాను. సాయం చేస్తున్నాననే తృప్తి నాకు దక్కుతున్నది, విద్య మాత్రం వారికి దక్కడం లేదు. మరునాటి నుంచి ఏ ఫైలునూ నా చేతితో మార్చలేదు. పక్కన వ్యాఖ్య రాసే వీలు ఉంది కదా, అక్కడ ‘రెండో పేరాలో ఏదో లేదు, చూడు’ అని మాత్రమే రాసేవాడిని. ఏది లేదో వారే వెతకాలి. పని నెమ్మదించింది. ఇద్దరు విసిగి మానేశారు కూడా. నిలిచినవారు మాత్రం నిజంగా నేర్చుకున్నారు.

చివరి పాఠంగా ప్రతి ఒక్కరూ ఒక నిజమైన అర్జీ తయారుచేయాలని పెట్టాం. ఊహాజనితమైన ‘సెలవు చీటీ’ కాదు, ఇంట్లో నిలిచిపోయిన ఒక పని. కొందరు సమాచార హక్కు చట్టాన్ని ఎంచుకున్నారు. 2005 నాటి ఆ చట్టం కింద దరఖాస్తు రుసుము సాధారణంగా పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. మామూలుగా ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనవసరం లేదు. నన్ను నెట్ సెంటర్ అన్న ఆ అమ్మాయే తన తమ్ముడి స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఏ దశలో ఉన్నదని ఒకటిన్నర పేజీ రాసింది. నేను ‘ఒక పేజీ చాలు’ అని వ్యాఖ్య రాశాను. ఆమె దానిని నాలుగు ప్రశ్నలకు కుదించింది. సమాధానం వచ్చింది. బ్యాంకు ఖాతాలోని పేరుకూ దరఖాస్తులోని పేరుకూ తేడా ఉన్నందున ఆపారట. ఆమె తన మొదటి పాఠం నాటి పట్టిక తెరిచి చూసింది. ఆ తేడా అందులో ఉంది. ఆ డబ్బు ఇంకా రాలేదు. కాని ఎందుకు రాలేదో ఆ ఇంటికి ఇప్పుడు తెలుసు, ఏమి సరిచేయాలో తెలుసు. ‘మన ఖర్మ’ అనుకుని ఊరుకోవడానికీ, ‘ఈ అక్షరం సరిచేయాలి’ అనుకోవడానికీ ఎంతో దూరం ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ తరగతులు ఉద్యోగం ఇస్తాయని నేను చెప్పలేదు, చెప్పను. 1937లో నెలకొల్పిన చక్కెర కర్మాగారం ఈ బోధన్‌కు ఎందరి జీవనాన్నో ఇచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకు బండ్ల వరుసలు చూసి పెరిగిన పట్టణానికి నాలుగు నెలల కంప్యూటర్ పాఠం బదులు కాదు. ఉద్యోగపు దారి కోరేవారు దీనితో ఆగకుండా ముందుకు వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ నిర్వహించే ఎనభై గంటల ‘సీసీసీ’ కోర్సు ఉంది. ఉర్దూ వచ్చినవారికి జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏడాది కంప్యూటర్ డిప్లొమా ఉంది. మేము నేర్పింది గుమ్మం వరకే. గుమ్మం దాటవలసింది వారు, దాటనివ్వవలసింది మీరు.

విద్యార్థులకు మూడు జాగ్రత్తలు. పరుల యంత్రంలో మీ ఆధార్ ప్రతిని వదిలి రావద్దు, పని కాగానే తొలగించి, మెయిల్ నుంచి బయటికి వచ్చి లేవండి. మరొకరి అర్జీని నమూనాగా తీసుకున్నప్పుడు పాత పేరు, పాత తేదీ ఎక్కడా మిగలకుండా చివరి పంక్తి వరకు చదవండి. మూడవది, ఇతరులకు సాయం చేసేటప్పుడు వారి పక్కన కూర్చోండి గాని కీబోర్డును మీ వైపు లాక్కోవద్దు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

పెద్దలకు ఒక విన్నపం. ప్రతి మొహల్లాలో ఒక గది, ఒక పాత కంప్యూటర్, ఒక ప్రింటర్, రోజుకు రెండు గంటలు స్త్రీలకు మాత్రమే కేటాయించిన సమయం. ఇంతకంటే మేము అడగడం లేదు. వచ్చే నెల నుంచి రెండో విడత మొదలవుతుంది. ఈసారి పాఠాలు నేను చెప్పడం లేదు. ఈ విడతలో నేర్చుకున్న ఐదుగురు అమ్మాయిలు చెబుతారు. అందులో ఎడపల్లి అమ్మాయి ఒకరు. పేర్ల పట్టిక పాఠాన్ని తానే చెబుతానని ఆమె ముందుగానే అడిగి తీసుకున్నది.

నాడు మూడోసారి రాకుండా వెళ్లిపోయిన ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, పేరు మాత్రం గుర్తు లేదు. ‘సరిపోలలేదు’ అని రాసిన పేరునే నేను మరిచిపోయాను. మీలో ఎవరి పేరూ అలా ఏ కాగితంలోనూ పోగూడదనే నా కోరిక.